శుక్రాచార్యుడు మన ఇంట్లోవాడే



బమ్మెర మీలో చాలామందికి తెలిసిన ఊరే. పాలకుర్తి మండలం. ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది గానీ మొన్నమొన్నటిదాకా మన వరంగల్ జిల్లాయే. పాలకుర్తి అనగానే పాల్కురికి సోమనాథుడు గుర్తొస్తాడు. చాకలి ఐలమ్మ గుర్తొస్తుంది. ఆ పక్క ఊరే బమ్మెర. అక్కడికి పోతే ఊరివాళ్లు ఒక పొలం చూపిస్తారు. ఇది పోతన దున్నిన చేను అంటారు.

భాగవతాన్ని తెలుగు చేసిన పోతన పదిహేనో శతాబ్దం నాటి మనిషి. కేసన, లక్కమాంబల కొడుకు. పొద్దున నాగలి పట్టి, తీరిక దొరికినప్పుడు గంటం పట్టాడని మన పెద్దలు చెప్తారు. కడప జిల్లా ఒంటిమిట్టవాళ్లు కూడా పోతన మావాడే అంటారు. భాగవతంలో ఆయన తాను ఏకశిలానగరానికి వచ్చానని రాసుకున్నాడు. ఏకశిల అంటే మన ఓరుగల్లే అని మనం అంటాం. ఆ వాదం జోలికి ఇప్పుడు పోను. ఒక మంచి మనిషిని రెండు ఊళ్లు మావాడంటే మావాడంటున్నాయంటే నాకైతే సంతోషమే.

పోతన గురించి మనకు చిన్నప్పటి నుంచి ఒక మాట చెప్తారు. రాజు అడిగినా భాగవతాన్ని ఇవ్వలేదు, దేవుడికే ఇచ్చాడు అని. పుస్తకం మొదట్లో ఆయనే ఆ సంగతి చెప్పుకున్నాడు. రాజుకు కావ్యం అంకితమిస్తే గ్రామాలొస్తాయి, ఎక్కి తిరగడానికి వాహనాలొస్తాయి, డబ్బొస్తుంది. అవన్నీ తీసుకుని, పోయేనాడు యముడి చేతి దెబ్బలు తినడం నాకు వద్దు. లోకానికి మేలు జరగాలని దీన్ని శ్రీహరికే ఇస్తున్నాను. ఇదీ ఆయన మాటల సారం.

ఈ మాట మనకు తెలుసు. ఈ రోజు నేను మీతో పంచుకోవాలనుకున్నది దాని వెనకాల ఉన్న సంగతి. ఆయన మీద ఒత్తిడి వచ్చింది కదా, అది ఎవరి దగ్గర్నుంచి వచ్చింది?

జనం చెప్పుకునే కథ ఏమంటుంది? రాచకొండ ఏలే సింగభూపాలుడు భాగవతాన్ని తనకు అంకితమివ్వమన్నాడని అంటుంది. పోతన తన గ్రంథంలో ఏ రాజు పేరూ చెప్పలేదు. సరే, కథనే నమ్ముదాం. ఆ రాచకొండ రాజులు ఎవరు? చదువురాని మూర్ఖులు కారు. ఆ వంశం వాళ్లు తామే పండితులు. రసార్ణవ సుధాకరం అనే గొప్ప లక్షణ గ్రంథం ఆ ఇంట్లోనే పుట్టింది. అంటే పోతనను అడిగినవాడు కవిత్వం విలువ తెలిసినవాడు. కవిని గౌరవించేవాడు. కత్తి చూపించి అడిగితే కాదనడం ఒక రకం. చేతులు జోడించి, పల్లకీ పంపించి అడిగితే కాదనడం ఇంకో రకం. ఈ రెండోదే కష్టం.

ఇంకో కథ ఉంది. మహాకవి శ్రీనాథుడు పోతనకు బావమరిది అంటారు. చరిత్రకారులు దీన్ని ఒప్పుకోరు. జనం మాత్రం వదల్లేదు. 1943లో కె.వి.రెడ్డి తీసిన భక్త పోతన సినిమాలో నాగయ్య పోతనగా కనిపించిన తర్వాత ఈ కథ ఇంటింటికీ చేరింది. శ్రీనాథుడంటే మామూలు కవా? విజయనగరంలో ప్రౌఢదేవరాయల కొలువులో డిండిమభట్టును ఓడించి కనకాభిషేకం చేయించుకున్నవాడు. అంతటివాడు వచ్చి, బావా, ఎందుకీ కష్టం, రాజుకు ఇచ్చెయ్యి, చెల్లెలు సుఖపడుతుంది అన్నాడంట. చూడండి. ఆ మాటలో దుర్మార్గం ఉందా? లేదు. చెల్లెలి మీద ప్రేమ ఉంది. బావ మీద అభిమానం ఉంది.

ఒత్తిడి శత్రువు దగ్గర్నుంచి రాలేదు. మన మంచి కోరేవాళ్ల దగ్గర్నుంచి వచ్చింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. మళ్లీ ఇక్కడికే వద్దాం.

ఒక చాటుపద్యం ఉంది. పోతన చెప్పాడంటారు. అందులో సరస్వతీదేవి ఆయన ముందుకు వచ్చి ఏడుస్తుంది. కాటుక కరిగి కిందికి కారుతుంది. ఎందుకు ఏడుస్తున్నట్టు? ఈయన కూడా నన్ను అమ్ముకుంటాడేమో అని భయం. అప్పుడు పోతన ఆమెకు మాటిస్తాడు. కడుపు కోసం నిన్ను అమ్మను అని. నాకు ఈ ఘట్టం ఎంత ఇష్టమో చెప్పలేను. సాధారణంగా భక్తుడు ఏడుస్తాడు, దేవుడు ఓదారుస్తాడు. ఇక్కడ ఏడ్చింది దేవత. ఓదార్చింది బమ్మెర రైతు. మనం దేవుణ్ని నమ్ముతాం, బాగానే ఉంది. దేవుడు మనల్ని నమ్మవచ్చా? ఈ పద్యం అడిగే ప్రశ్న అదే.

ఇప్పుడు భాగవతం లోపలికి పోదాం. పోతన తన మనసును ఎక్కడ దాచుకున్నాడో అక్కడ తెలుస్తుంది.

అష్టమ స్కంధంలో వామన చరిత్ర. కథ మీకు తెలుసు. బలి చక్రవర్తి యాగం చేస్తున్నాడు. పొట్టి బ్రహ్మచారి వచ్చాడు. మూడడుగుల నేల అడిగాడు. బలి ఇస్తానన్నాడు. అప్పుడు గురువు శుక్రాచార్యుడు శిష్యుణ్ని వారించాడు. ఒరే, వీడు పిల్లవాడు కాదు. విష్ణువు. నీ రాజ్యం మొత్తం పోతుంది. ఇవ్వను అని చెప్పెయ్యి.

మరి ఇచ్చిన మాట సంగతి? దానికీ గురువుగారు ఒక వెసులుబాటు చెప్పాడు. ఆడవాళ్ల విషయంలో, పెళ్లి విషయంలో, ప్రాణం మీదికి వచ్చినప్పుడు, సొత్తు పోయేటప్పుడు, పరువు పోయేటప్పుడు అబద్ధం ఆడవచ్చు. పాపం అంటదు. ఇది ఆయన సలహా.

ఈ సలహా ఇచ్చినవాడు ఎవరు? దొంగ కాదు. కులగురువు. శాస్త్రం తెలిసినవాడు. శిష్యుడు బాగుపడాలని నిజంగా కోరేవాడు. చెప్పింది కూడా శాస్త్రంలోంచి తీసే చెప్పాడు. మనకు తప్పు చేయమని చెప్పేవాళ్లు ఎప్పుడూ తప్పు చేయమని చెప్పరు. ఇది తప్పు కాదులే అని చెప్తారు. అదీ శుక్రనీతి.

బలి ఏమన్నాడు? గురువును తిట్టలేదు. మీరు చెప్పింది నిజమే స్వామీ, సంసారికి అది ధర్మమే అని ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, కానీ ఇస్తానన్న నోటితో లేదనలేను అన్నాడు. పూర్వం ఎంతమంది రాజులు లేరు, వాళ్లెవరైనా సంపద మూటగట్టుకుని పోయారా అని అడిగాడు. పేరు నిలిచింది ఇచ్చినవాళ్లకే కదా అన్నాడు. లక్ష్మీదేవిని లాలించే చేయి కింద ఉండి, నా చేయి పైన ఉండటం కన్నా నాకు ఇంకేం కావాలి అన్నాడు. నరకం వచ్చినా, కులం అంతరించినా మాట వెనక్కి తీసుకోనన్నాడు.

గురువుకు కోపం వచ్చింది. శపించాడు. ఇక్కడ మనం ఆగాలి. మంచి కోరి చెప్పినవాళ్ల మాట వినకపోతే వాళ్లు నొచ్చుకుంటారు. కోపగించుకుంటారు. మాట్లాడటం మానేస్తారు. నిజాయితీకి మొదట కట్టాల్సిన పన్ను ఇదే. పోలీసు కేసు, ఉద్యోగం పోవడం అవన్నీ తర్వాతి సంగతి. ముందు ఇంట్లో ముఖాలు మారతాయి.

సప్తమ స్కంధంలో ప్రహ్లాదుడూ అంతే. హిరణ్యకశిపుడు అనగానే మనకు గద, మీసం, కేకలు గుర్తొస్తాయి. నాటకాల్లో అట్లాగే చూశాం. పుస్తకంలో ఆయన మొదట మంచి తండ్రి. కొడుకును దగ్గరికి తీసుకున్నాడు. తొడ మీద కూర్చోబెట్టుకున్నాడు. ఏం చదువుకున్నావు నాయనా అని ముద్దుగా అడిగాడు. ఏనుగులు, పాములు, విషం, నిప్పు అన్నీ ఆ తర్వాత వచ్చాయి. ముందు వచ్చింది తండ్రి ఒడి. ఒడిలో కూర్చుని తండ్రికి ఇష్టం లేని సత్యం చెప్పడం ఎంత కష్టమో ఆలోచించండి.

ఆ తండ్రి చనిపోయిన తర్వాత, నరసింహస్వామి వరం కోరుకోమంటే ఆ పిల్లవాడు ఏం అడిగాడు? మా నాన్న చేసిన పాపం పోవాలి, ఆయన్ను పవిత్రుణ్ని చెయ్యి అని అడిగాడు. అన్ని బాధలు పెట్టిన తండ్రి కోసం అడిగాడు. ఇది మర్చిపోవద్దు. దేవుడికి కట్టుబడి ఉన్నవాడు ఇంట్లోవాళ్లను ద్వేషించనక్కర లేదు.

ఇక మన ఓరుగల్లుకు వద్దాం. ఈ కాలానికి వద్దాం.

ఏనుమాముల మార్కెట్ మీకు తెలుసు. మిర్చి సీజన్ల బస్తాలు ఎట్లా వస్తాయో చూసే ఉంటారు. ఒక రైతు మిర్చి నింపుతున్నాడనుకోండి. పక్కనే బావమరిది కూర్చుని ఉంటాడు. "బావా, అడుగున తాలు కాయ వెయ్యి. పైన మంచి కాయ పెట్టు. అందరు జేసేదే గదా. కాంటా కాడ మనల్ని ముంచుతలేరా?" అంటాడు. ఆ మాటలో బాధ ఉంది. తరుగు పేరుతో రైతు నష్టపోయిన మాట అబద్ధం కాదు. బావమరిది అబద్ధం చెప్పలేదు. అయినా ఆ బస్తా అడుగున తాలు వేసేది ఎవరి చేయి? బావమరిది చేయి కాదు.

ఒక ఉద్యోగి అనుకుందాం. హన్మకొండలో ఏదో ఆఫీసు. సాయంత్రం ఇంటికొస్తే తల్లి అడుగుతుంది. "బిడ్డ పెండ్లి ఎట్ల జేస్తవ్ కొడుకా? నువ్వొక్కనివి తీసుకోకుంటే లోకం మారుతదా?" ఆ తల్లికి లంచం అంటే ఇష్టం ఉండి కాదు. మనవరాలి పెండ్లి ఆమె కళ్ల ముందు ఉంది.

ఒక పిల్ల ఇంటర్ పాసైంది. ఇంజనీరింగ్‌ల సీటొచ్చింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ కావాలంటే ఆదాయ సర్టిఫికెట్ కావాలి. "కొంచెం తక్కువ రాయించుకుందాం బిడ్డా, ఎవలకు తెలుస్తది" అంటాడు తండ్రి. ఆ తండ్రి రేయింబవళ్లు కష్టపడేది ఆ పిల్ల కోసమే. ఆ పిల్ల నాన్నకు ఎట్లా ఎదురు చెప్పాలి?

వీళ్లంతా శుక్రాచార్యులే. మన ఇంట్లోవాళ్లే. మన కోసమే చెప్తారు. అందుకే వాళ్ల మాట కాదనడానికి కోపం పనికిరాదు. ఒత్తిడి శత్రువు దగ్గర్నుంచి రాదు, మన మంచి కోరేవాళ్ల దగ్గర్నుంచి వస్తుంది అని ఇందాక అన్నాను. మళ్లీ అంటున్నాను. ఎందుకంటే దుర్మార్గుడు వచ్చి తప్పు చేయమంటాడని మనం తలుపు దగ్గర కాపలా కాస్తుంటాం. తప్పు మాత్రం వంటింట్లోంచి, అన్నం పెట్టే చేయి పట్టుకుని వస్తుంది.

మరి పోతన ఎట్లా నిలబడ్డాడు? ఆయన పుట్టుకతోనే ఆ మనిషా?

కాకపోవచ్చు. భోగినీ దండకం అని ఒక చిన్న రచన ఉంది. సింగభూపాలుడి భోగకాంత గురించిన రచన. అది పోతన వయసులో ఉండగా రాసిందే అని కొందరు పండితులు అంటారు. కాదని కొందరంటారు. మన భక్త కవి అట్లాంటిది రాస్తాడా అని కొందరికి బాధ కూడా. నాకు బాధ లేదు. ఆయన రాసి ఉంటే, రాజును మెచ్చుకుని రాయడం ఎట్లా ఉంటుందో ఆయనకు తెలుసన్నమాట. ఆ రుచి తెలిసి, తర్వాత వద్దనుకున్నాడన్నమాట. ఏ రోజూ చేయి చాచనివాడు వద్దనడం గొప్పే. ఒకసారి చాచినవాడు వెనక్కి తీసుకోవడం ఇంకా గొప్ప. ఇది వింటున్నవారిలో ఇప్పటికే ఒకటి రెండుసార్లు చేయి చాచినవాళ్లు ఉంటే, వాళ్లకు నేను చెప్పదలచింది ఇదే. పోతన మీవాడు కూడా.

ఇంకో సంగతి. పోతన శైవుల ఇంట్లో పుట్టాడు. ముందు రాసింది వీరభద్ర విజయం. శివుడి కథ. ఆయన గురువు ఇవటూరి సోమన. భాగవతం ఎట్లా మొదలైందో ఆయనే చెప్పాడు. చంద్రగ్రహణం నాడు గంగాస్నానం చేశాడు. ఒడ్డున ఇసుక తిన్నె మీద కూర్చుని శివుణ్ని ధ్యానించాడు. కళ్ల ముందుకు వచ్చింది రాముడు. భాగవతం తెలుగు చెయ్యమన్నాడు. శివుణ్ని తలచుకుంటే రాముడు వచ్చాడు. పోతన ఆశ్చర్యపోయాడే గానీ, నువ్వు మా దేవుడివి కాదు అనలేదు. ఆ రోజుల్లో శైవులకు, వైష్ణవులకు మధ్య గొడవలు తక్కువేమీ కావు. నీ దేవుడి పక్షాన నిలబడాలంటే పక్కవాడి దేవుణ్ని తక్కువ చెయ్యాలి అనే ఒత్తిడి అప్పుడూ ఉంది. ఇప్పుడూ ఉంది. అది కూడా మనవాళ్ల దగ్గర్నుంచే వస్తుంది. పోతన దానికీ లొంగలేదు.

భాగవతం మొదట్లోనే ఆయన ఒక మాట అంటాడు. చేతులతో శివుణ్ని పూజించాలి. నోరారా హరిని కీర్తించాలి. ఆ వెంటనే, అదే పద్యంలో, దయ, సత్యం మనసులో ఉండాలంటాడు. ఇవేవీ లేనివాడు పుట్టి ఏం లాభం అంటాడు. గమనించారా? పూజ ఒక చోట, నిజాయితీ ఒక చోట పెట్టలేదు. పొద్దున భద్రకాళమ్మ గుడికి పోయి, పదింటికి ఆఫీసులో చేయి చాచడానికి ఆ పద్యంలో చోటు లేదు. మీరు భద్రకాళి గుడికి పోయేవారు కావచ్చు, కాజీపేట దర్గాకు పోయేవారు కావచ్చు, ఫాతిమా చర్చికి పోయేవారు కావచ్చు. దయ, సత్యం అందరికీ ఒకటే.

మీలో ఎవరికైనా ఒక అనుమానం రావచ్చు. పోతన రైతు, చేను ఉంది, ఎవరి కింద పనిచేయలేదు, ఆయనకేం? మాకు పైఅధికారులున్నారు కదా అని. సరైన అనుమానమే. అయితే తిక్కనను చూడండి. ఆయన నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో మంత్రి. మొదటి కావ్యం, నిర్వచనోత్తర రామాయణం, రాజుకే అంకితమిచ్చాడు. మహాభారతం దగ్గరికి వచ్చేసరికి హరిహరనాథుడికి ఇచ్చాడు. రాజు కొలువు మానలేదు. రాజును నొప్పించలేదు. రాజుకిచ్చేది రాజుకిచ్చాడు, దేవుడిది దేవుడికిచ్చాడు.

బైబిల్లో దానియేలు కథ కూడా ఇట్లాంటిదే. పరాయి దేశంలో పెద్ద అధికారి. దర్యావేషు రాజుకు ఆయనంటే ఎంతో ఇష్టం. తోటి అధికారులకు కడుపుమంట. ఆయన ఉద్యోగంలో తప్పు పట్టాలని ఎంతో వెతికారు. దొరకలేదు. లెక్కల్లో తేడా లేదు, పనిలో అశ్రద్ధ లేదు. చివరికి ఆయన ప్రార్థన మీదే కేసు పెట్టాల్సి వచ్చింది. సింహాల గుహ కథ అందరికీ తెలుసు. నాకు మాత్రం దానికన్నా ముందు ఉన్న ఆ చిన్న సంగతే పెద్దదిగా కనిపిస్తుంది. శత్రువులు ఫైళ్లన్నీ తిరగేసినా ఒక్క తప్పు దొరకలేదు. భక్తికి అంతకంటే మంచి సాక్ష్యం ఏముంటుంది?

పోతనకు దీనివల్ల ఏం దక్కింది అని అడిగితే, కష్టమే దక్కిందని చెప్పాలి. అబద్ధం చెప్పి మిమ్మల్ని సంతోషపెట్టలేను. రాజు కోపంతో భాగవతాన్ని పాతిపెట్టించాడని, కొంత భాగం చెదలు తిన్నదని ఒక కథ. అది జరిగిందో లేదో గానీ, ఈ రోజు మన చేతిలో ఉన్న భాగవతం అంతా పోతన రాసింది కాదు. ఐదో స్కంధం గంగన రాశాడు. ఆరోది సింగన రాశాడు. పదకొండు, పన్నెండు వెలిగందల నారయ రాశాడు. జీవితమంతా పెట్టి చేసిన పని ఆయన చేతి మీదుగా మనకు మొత్తంగా అందలేదు. నిజాయితీగా ఉన్నవాడికి దేవుడు అన్నీ సర్దిపెడతాడని నేను చెప్పను. పోతనకు సర్దిపెట్టలేదు. వేరేవాళ్లు వచ్చి, తెగిన చోట అందుకున్నారు. అంతే.

మీ ఇంట్లో భాగవతం ఉంటే, ఈ ఆదివారం అష్టమ స్కంధం తీయండి. లేకపోతే ఊళ్లో గ్రంథాలయంలో దొరుకుతుంది. శుక్రాచార్యుడి మాటలు ముందు చదవండి. పిల్లల్ని కూర్చోబెట్టుకుని, మీరు శుక్రాచార్యుడి పక్షాన మాట్లాడండి అని చెప్పండి. ఎంత బాగా వాదిస్తారో చూడండి. ఎందుకంటే ఆ మాటలు వాళ్లు మన దగ్గరే విని ఉంటారు. ఆ తర్వాత పుస్తకం వాళ్ల చేతికే ఇచ్చి, బలి జవాబును వాళ్లనే చదవమనండి.